కాళ్ల కింది ఫర్షీ, ఊళ్లోని చేను: సున్నపురాతి మీది నేలను అర్థం చేసుకుందాం

కామత్‌ఘర్‌లో, పద్మానగర్‌లో పాతకాలపు ఖోలీల్లోకి అడుగుపెడితే ఇప్పటికీ నేల మీద బూడిద రంగు రాతి పలకలు కనిపిస్తాయి. ఇరుగుపొరుగు మరాఠీ వాళ్లు వాటిని షహాబాదీ ఫర్షీ అంటారు. మన పెద్దలు షాబాద్ బండలు, తాండూరు బండలు అంటారు. ఎండాకాలం మధ్యాహ్నం సాంచాల దగ్గర్నుంచి వచ్చి ఆ చల్లటి బండ మీదే తువ్వాలు పరుచుకుని పడుకున్న తరం మనది. ఆ బండ సున్నపురాయి. అది తవ్విన చోట, దాని మీద ఉన్న మట్టిలో, కందులు పండుతాయి.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఉంది. మన కుటుంబాలు ఇక్కడికి వచ్చి రెండు మూడు తరాలైనా చాలామందికి ఊళ్లో ఎకరమో, పది గుంటలో ఇంకా మిగిలే ఉంది. ఏ పంట వేయాలి, బోరు వేయించాలా వద్దా, అమ్మేద్దామా అన్న మాటలన్నీ ఇక్కడి నుంచి ఫోన్ మీదే తేలిపోతున్నాయి. రాత్రి పాళీలు చేసి కూడబెట్టిన డబ్బు ఒక్క ఫోన్ కాల్‌తో ఊరికి పోతోంది. ధర అడుగుతాం, దిగుబడి అడుగుతాం, రోడ్డు ఎంత దూరమో అడుగుతాం. "మట్టి కింద బండ ఎంత లోతులో ఉంది?" అని మాత్రం అడగం. సున్నపురాతి నేలల్లో అన్నిటికంటే ముందు అడగాల్సింది ఆ ప్రశ్నే.

రైలు కిటికీలోంచి చూస్తే

కల్యాణ్‌లో హైదరాబాద్ రైలు ఎక్కి షోలాపూర్, వాడి మీదుగా వెళ్లేవాళ్లు ఈసారి కిటికీ పక్కన కూర్చుని గమనించండి. భివండి నుంచి పుణె, షోలాపూర్ దాటేదాకా కింద ఉన్నది నల్లరాయి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పారిన లావా గడ్డకట్టి అలా అయింది. మన వరాల తలావ్ చుట్టూ ఉన్న రాయీ అదే జాతి. కలబురగి దాటాక షహాబాద్, వాడి, చిత్తాపూర్, సేడం, తాండూరు స్టేషన్లు వరుసగా వస్తాయి. అక్కడ లావా పొర అంచు తగ్గిపోయి, దాని కింద దాగిన ఎంతో పాత సున్నపురాయి పైకి తేలుతుంది. పట్టాల పక్కన గుట్టలుగా పేర్చిన బండలు, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు దానికి గుర్తు. భూగర్భ శాస్త్రంలో దీన్ని భీమా పరీవాహక సున్నపురాయి అంటారు. వికారాబాద్ దాటి హైదరాబాద్ దగ్గరపడే సరికి మళ్లీ మారి, మనకు బాగా తెలిసిన గ్రానైట్ గుండ్లు కనిపిస్తాయి.

సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాల చెల్కలు ఎక్కువగా గ్రానైట్ మీద ఉన్నవి. ఉమ్మడి నల్లగొండ జిల్లా దక్షిణపు కొస, అంటే హుజూర్‌నగర్, మట్టంపల్లి, మేళ్లచెరువు, వాడపల్లి వైపు వాళ్ల భూముల కింద సున్నపురాయి ఉంది. అక్కడ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు రావడానికి కారణం అదే. కృష్ణ దాటితే పల్నాడు, ఇంకా కిందికి పోతే బేతంచర్ల, కొలిమిగుండ్ల దాకా ఈ రాయి కనిపిస్తుంది. అక్కడ దీన్ని నాపరాయి అంటారు. కాబట్టి ఇది ఒక్క తాండూరు సంగతే అనుకోనక్కర్లేదు.

రాయి మట్టిగా ఎలా మారుతుంది

వాన చినుకు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత కలుపుకుని నేల మీద పడుతుంది. మట్టిలో వేర్లు, సూక్ష్మజీవులు వదిలే వాయువు కూడా అందులో కలుస్తుంది. అప్పుడు ఆ నీరు చాలా బలహీనమైన ఆమ్లం అవుతుంది. గ్రానైట్‌ను అది తొందరగా ఏమీ చేయలేదు. సున్నపురాయిని మాత్రం కొద్దికొద్దిగా కరిగిస్తుంది.

ఈ సంగతి ఇంట్లోనే పరీక్షించవచ్చు. పాత ఫర్షీ మీద ఒక మూల రెండు చుక్కల నిమ్మరసం వేసి పది నిమిషాలాగి తుడిస్తే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. నిమ్మరసంలోని పులుపు సున్నాన్ని కరిగించింది. బాత్‌రూమ్ కడిగే ఆసిడ్ చుక్క పడితే బుసబుసమని నురగ వస్తుంది. ఆసిడ్‌తో పని పెద్దవాళ్లే చేయాలి, జాగ్రత్తగా చేయాలి.

రాయిలో కరిగే భాగం నీటితో పాటు వెళ్లిపోతుంది. కరగని భాగం, అంటే కాస్త బంకమన్ను, సన్నని ఇసుక, ఇనుము తుప్పు మిగిలిపోయి మట్టి అవుతాయి. 100 కిలోల రాయిలో 85 కిలోలు కరిగిపోయే సున్నమే అనుకుందాం. మట్టిగా మిగిలేది 15 కిలోలే. అందుకే సున్నపురాతి మీద మట్టి పొర సాధారణంగా పలుచన. ఒక అడుగు మట్టి తయారు కావడానికి పట్టే కాలం ముందు మన తరాలు లెక్కలోకి రావు. వాలులో, మెరక మీద వాన కొంత మట్టిని కోసుకుపోతుంది కాబట్టి అక్కడ పొర ఇంకా పలుచన. పల్లంలో ఆ మట్టంతా చేరి లోతుగా ఉంటుంది. ఒకే ఊళ్లో, ఒకే బండ మీద, మెరకన ఎర్రటి లేదా గోధుమ రంగు తేలిక నేల, పల్లాన లోతైన నల్లరేగడి కనిపించడం మామూలే.

గరప నేల అంటే

మట్టిలో మూడు రకాల రేణువులు ఉంటాయి. ఇసుక గరుకుగా కంటికి కనిపిస్తుంది. ఒండ్రు పిండిలా మెత్తగా ఉంటుంది. బంకమన్ను తడిస్తే జిగురుగా పట్టుకుంటుంది. ఈ మూడూ ఒకదాన్నొకటి మింగేయకుండా కలిసిన నేలను గరప నేల అంటారు. సుమారుగా ఇసుక 40 పాళ్లు, ఒండ్రు 40 పాళ్లు, బంకమన్ను 20 పాళ్లు ఉంటే అది చక్కటి గరప. పడుగు, పేక సరిపోయిన గుడ్డ లాంటిది. ఇసుక ఎక్కువైతే వదులుగా జారిపోతుంది, బంక ఎక్కువైతే బిగుసుకుపోతుంది.

చేత్తోనే తెలుసుకోవచ్చు. పిడికెడు మట్టి తడిపి జొన్నరొట్టె పిండిలా పిసకండి. ముద్ద కట్టకుండా రాలిపోతే ఇసుక నేల. ముద్ద కట్టి, బొటనవేలు చూపుడువేలు మధ్య ఒత్తుతుంటే పట్టీలా సాగి ఒక అంగుళం లోపే తెగిపోతే గరప. రెండు అంగుళాలకు మించి తెగకుండా సాగితే బంకనేల, అంటే రేగడి వైపు.

సున్నపురాతి గరపకు ఇంకో మంచి గుణం ఉంది. రాయి నుంచి వచ్చే కాల్షియం బంకమన్ను రేణువులను, కుళ్లిన ఆకు అలములను కలిపి చిన్న చిన్న గింజలుగా కడుతుంది. అలాంటి మట్టిని నలిపితే రవ్వలా విడిపోతుంది. ఆ గింజల మధ్య ఖాళీల్లో గాలి ఆడుతుంది, వాన నీరు దిగుతుంది, వేరు సులువుగా పోతుంది. పశువుల ఎరువు వేయడం మానేసిన చేనులో ఈ గింజకట్టు క్రమంగా పోతుంది. వాన పడితే పైన పొక్కు కడుతుంది.

నీరు ఇంకే నేల, నీరు నిలిచే నేల

వ్యవసాయ పుస్తకాల్లో "మురుగు నీరు పోయే సౌకర్యం గల నేలలు" అని తరచూ చదువుతాం. ఎంత వాన పడినా ఒకటి రెండు రోజుల్లో వేర్ల దగ్గర మళ్లీ గాలి ఆడే నేల అని దాని అర్థం. గరప మట్టి కింద పగుళ్లు ఉన్న సున్నపురాయి ఉంటే ఈ సౌకర్యం సహజంగానే ఉంటుంది. నీరు మట్టిలోంచి దిగి, బండల సందుల్లోంచి కిందికి పోతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. తాండూరు వైపు రాయి పొరలు పొరలుగా పలకల్లా ఉంటుంది. ఆ పలకల మధ్య నిలువు పగుళ్లు ఉన్న చోట నీరు దిగుతుంది. పగులు లేని పెద్ద పలక ఉన్న చోట నీరు దాని మీదే ఆగి పక్కకు పాకుతుంది. అందువల్ల బండ నేల కదా, నీరు ఆగదు అని గుడ్డిగా నమ్మకూడదు.

రంగు చూస్తే చాలావరకు తెలుస్తుంది. రెండడుగుల గొయ్యి తీసి గోడలు గమనించండి. పై నుంచి కిందిదాకా ఎరుపు లేదా గోధుమ రంగు ఒకేలా ఉంటే గాలి ఆడుతోందన్న మాట, ఎందుకంటే ఆ రంగు ఇనుము తుప్పు వల్ల వస్తుంది. బూడిద రంగు మచ్చలు కనిపిస్తే ఏటా కొన్నాళ్లు అక్కడ నీరు నిలుస్తోందని అర్థం. నల్లరేగడిలో మాత్రం రంగుతో తేల్చడం కష్టం. దానికి నీటి పరీక్ష ఉంది. ఒక అడుగు గొయ్యి నిండా నీళ్లు పోసి పూర్తిగా ఇంకనివ్వండి. మళ్లీ నింపి గంటకు ఎంత తగ్గిందో చూడండి. ఒకటి నుంచి మూడు అంగుళాలు తగ్గితే మంచి నేల. అంగుళం కూడా తగ్గకపోతే బోదెలు, కాలువలు తీయక తప్పదు.

లోతు లెక్క

మాలో ఒకరి చేను కథ చెబుతాం. ఒకే చేను, ఒకే విత్తనం, ఒకే రోజు విత్తినది. వాన పది రోజులు మొహం చాటేసేసరికి తూర్పు కొస వాడిపోయింది, పడమటి కొస పచ్చగానే ఉంది. విత్తనం కల్తీ అన్నారు, మందు సరిగా పడలేదన్నారు, కౌలుదారు అశ్రద్ధ అని కూడా అనుకున్నారు. చివరికి గడ్డపార దించి చూస్తే తూర్పున అడుగు లోతులోనే ఖంగున బండ తగిలింది. పడమట మూడడుగుల దాకా తగలలేదు. అన్నాళ్లూ కౌలుదారు మీద పెట్టుకున్న అనుమానం ఆ శబ్దంతో పోయింది.

దీని వెనక చిన్న లెక్క ఉంది. గరప మట్టి ప్రతి అడుగు లోతులో పంట తాగగలిగే నీరు సుమారు 45 నుంచి 50 మిల్లీమీటర్లు దాచుకుంటుంది. ఎదిగిన పంట రోజుకు దాదాపు 5 మిల్లీమీటర్లు తాగుతుంది. అడుగు మట్టి ఉన్న చోట ఆ దాపు తొమ్మిది పది రోజులకు ఖాళీ. మొక్కలు అంతకు ముందే తలవాల్చడం మొదలుపెడతాయి. మూడడుగులు ఉన్న చోట దాదాపు నెల రోజులు గడుస్తాయి. భివండిలో ఏటా రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది కాబట్టి ఇక్కడున్న మనకు ఈ తేడా తట్టదు. తాండూరు వైపు అందులో సగం కూడా పడదు. పైగా వానకు వానకు మధ్య బెట్ట వస్తుంది. అక్కడ రెండడుగుల మట్టి తేడా పంటకు, అప్పుకు మధ్య తేడా.

ఈ నియమం ప్రపంచంలో ఎక్కడైనా ఒకటే. అమెరికాలో ప్రెయిరీ అనే విశాలమైన గడ్డి మైదానాలు ఉండేవి. వందల తరాల గడ్డి వేర్లు కుళ్లి అక్కడి మట్టి నల్లగా, సారవంతంగా అయింది. నాగళ్లు వచ్చాక ఆ మైదానాలు దాదాపు అన్నీ మొక్కజొన్న, గోధుమ పొలాలైపోయాయి. పొడవు గడ్డి ప్రెయిరీలో ఇప్పుడు మిగిలింది నూటికి నాలుగు పాళ్ల కంటే తక్కువ. మిగిలిన దానిలో ఎక్కువ భాగం కాన్సాస్ రాష్ట్రంలోని ఫ్లింట్ హిల్స్‌లో ఉంది. అక్కడ పలుచటి మట్టి కింద సున్నపురాయి, చెకుముకి రాయి ఉన్నాయి. నాగలి దిగలేదు కాబట్టి గడ్డి బతికింది. అక్కడి వాళ్లు ఆ నేలను దున్నాలని పట్టుబట్టకుండా పశువుల మేతకు వాడుకున్నారు. 1996లో అక్కడ ప్రభుత్వ రక్షిత ప్రాంతం కూడా ఏర్పడింది. మన చేనులో అడుగు లోపే బండ తగిలే చెక్క ఉంటే అక్కడ కూడా గడ్డి పెంచి గొర్రెలకో, మేకలకో వదలడం నష్టం కాదు. విత్తనం, ఎరువుల ఖర్చయినా మిగులుతుంది.

కంది ఎందుకు ఇష్టపడింది

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరిహద్దు అవతల కలబురగి కందిపప్పుకు 2019లోనే వచ్చింది. రెండు ప్రాంతాల కిందా ఉన్నది సున్నపురాయే. తాండూరు గుర్తింపులో అక్కడి లోతైన నల్లనేలలు, వాటిలోని అట్టాపుల్గైట్ అనే బంక ఖనిజం, సున్నపురాతి నిల్వలు ప్రత్యేకంగా లెక్కలోకి వచ్చాయి. తాండూరులో వ్యవసాయ పరిశోధన కేంద్రం కూడా కంది మీద పని చేస్తోంది.

కంది తల్లివేరు నిటారుగా లోతుకు పోతుంది. మట్టి లోతుగా ఉంటే వానలు ఆగిపోయాక కూడా అడుగు తేమ తోడుకుని పూత, కాయ నిలబెట్టుకుంటుంది. దాని వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకు ఇస్తాయి. సున్నం ఉన్న నేలను అది తట్టుకుంటుంది. తట్టుకోలేనిది ఒక్కటే, మొదట్లో నీరు నిలవడం. రేగడిలో బోదెల మీద విత్తమని చెప్పేది అందుకే. గరప నేలలో ఆ బాధ తక్కువ, కాని లోతు చాలకపోతే చివర్లో గింజ నిండదు.

సున్నం ఎక్కువైతే వచ్చే తంటాలు

సున్నపు నేల ఉదజని సూచిక సాధారణంగా 7.5 నుంచి 8.4 మధ్య ఉంటుంది. అలాంటి నేలలో వేసిన భాస్వరం కొంత సున్నంతో కలిసి మొక్కకు అందకుండా పోతుంది. ఇనుము, జింకు నేలలో ఉన్నా కరగవు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగం పసుపై, ముదిరితే తెల్లబడితే అది ఇనుము లోపం. వేరుశనగలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం, పది రోజుల తేడాతో రెండు సార్లు పిచికారీ చేస్తే తేరుకుంటుంది. జింకు లోపానికి లీటరుకు 2 గ్రాముల జింక్ సల్ఫేట్ పిచికారీ చేస్తారు. ఏటా పశువుల ఎరువు వేయడం ఈ రెండింటికీ అసలు మందు.

సున్నపు నేల, చౌడు నేల ఒకటి కాదు. చౌడులో ఉప్పు, సోడియం ఎక్కువ. సూచిక 8.5 దాటుతుంది. నీరు దిగదు. జిప్సం వేసి బాగుచేసేది ఆ నేలను. కాల్షియం ఇప్పటికే నిండుగా ఉన్న సున్నపు నేలను బాగుచేయడానికని జిప్సం బస్తాలు కొనమని ఎవరైనా ఫోన్‌లో అడిగితే, ముందు మట్టి పరీక్ష కాగితం ఫోటో పంపమనండి.

బోరు వేయించే ముందు

సున్నపురాయిలో నీరు పగుళ్లలో, నీరే కరిగించుకున్న సొరంగాల్లో ఉంటుంది. కొలిమిగుండ్ల దగ్గరి బెలుం గుహలు 3,229 మీటర్ల పొడవున అలా ఏర్పడినవే. అందుకే ఒక బోరులో ధారగా నీళ్లు పడి, పక్క గట్టు మీది బోరులో దుమ్ము లేవడం జరుగుతుంది. పక్కవాడికి పడింది కదా అని అప్పు చేసి డబ్బు పంపడం జూదం.

ఇంకో సంగతి ఆరోగ్యానికి సంబంధించినది. ఇసుకలోంచి దిగే నీరు వడపోతకు గురవుతుంది. సున్నపురాతి పగుళ్లలోంచి దిగే నీటికి ఆ వడపోత ఉండదు. మరుగుదొడ్డి గుంత, పేడకుప్ప తాగునీటి బావికి ఎగువన ఉంటే మురికి నేరుగా బావిలో చేరుతుంది. ఊళ్లో కొత్త ఇల్లు కడుతున్న వాళ్లు గుంతను బావికి దిగువన, వీలైనంత దూరంగా పెట్టించాలి.

ఊరెళ్లినప్పుడు చేయాల్సిన పని

2015 ఫిబ్రవరిలో మొదలైన భూసార ఆరోగ్య పత్రం చాలామంది రైతుల దగ్గర ఉంది. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్ నుంచి ఉదజని సూచిక దాకా 12 అంశాలు ఉంటాయి. అవన్నీ పై 15 సెంటీమీటర్ల మట్టికి సంబంధించినవి. ఆ మట్టి కింద బండ ఎంత లోతులో ఉందో, నీరు ఎంత వేగంగా దిగుతుందో ఆ 12 అంశాల్లో లేవు. ఆ పని మన చేతుల మీదే జరగాలి.

దసరాకో, పెళ్లికో ఊరెళ్లినప్పుడు ఒక్క పూట చేనుకు కేటాయించండి. వాన పడి తడి ఉన్న రోజైతే మంచిది. గడ్డపార, టేపు, సీసాలో నీళ్లు, చిన్న సీసాలో వెనిగర్ చాలు. చేనంతా పది చోట్ల గడ్డపార దించి బండ తగిలిన లోతు కాగితం మీద గుర్తు పెట్టండి. మధ్యలో రాయి ముక్క తగిలి ఉండొచ్చు కాబట్టి పక్కన ఇంకోసారి దించి చూడండి. ఒక గొయ్యి తీసి రంగు చూడండి, నీరు పోసి చూడండి. పైమట్టి మీద, అడుగుమట్టి మీద వెనిగర్ చుక్క వేసి నురగ ఎక్కడ మొదలవుతుందో గమనించండి. ఆ కాగితం ఇంటి కాగితాలతో పాటు భద్రంగా పెట్టండి. తర్వాతి తరం ఫోన్ చేసి అడిగేటప్పుడు పనికొస్తుంది.

క్వారీకి అమ్మమని అడిగితే

సున్నపురాయి ఉన్న చోట బేరగాళ్లు వస్తూనే ఉంటారు. మట్టి ఎంత పలుచనైతే బండ తీయడం అంత సులువు కాబట్టి పలుచటి చెల్కలకే ముందు ధర పలుకుతుంది. అవసరం ముంచుకొచ్చినప్పుడు అమ్ముకోవడం తప్పని ఎవరూ అనలేరు. ఇక్కడ సాంచాలు ఆగిపోయిన నెలల్లో మనలో ఎన్ని ఇళ్లు అలా గట్టెక్కాయో మనకు తెలుసు. అయితే ఒకే పట్టాలో అడుగు లోతు చెక్క, మూడడుగుల చెక్క రెండూ ఉంటే, బేరం కుదరకముందే ఏది ఏదో తెలిసి ఉండాలి. లోతైన చెక్క ఉంచుకుని పలుచటి దాన్ని వదులుకోవచ్చు. కొంత భూమి లీజుకే ఇచ్చేటట్లయితే, పైమట్టి తీసి వేరుగా కుప్ప పోసి తర్వాత తిరిగి పరిచే షరతు కాగితంలో రాయించుకోవాలి. పక్క క్వారీ నుంచి రాతి పొడి బురద మన చేనులోకి రాకుండా గట్టు వేయించుకోవాలి. ఆ సన్నటి పొడి మట్టి రంధ్రాలు మూసేస్తే నీరు ఇంకడం ఆగిపోతుంది.

బండకు ధర కట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. దాని మీది మట్టికి ఎవరూ విడిగా ధర కట్టరు. సాయంత్రం ఫర్షీ మీద కూర్చుని తాండూరు కందిపప్పుతో అన్నం తినేటప్పుడు పిల్లలకు ఈ రెండూ ఒకే చోట నుంచి వచ్చాయని చెప్పండి. వచ్చే సెలవుల్లో ఊరికి తీసుకెళ్లి గడ్డపార వాళ్ల చేతికే ఇవ్వండి.